మా వాడికి పై ముందు పన్ను రాలేదు, లోపల ఇంకో పన్ను అడ్డం ఉందంటున్నారు. తీయించాలా, ఆగాలా?

బుడ్డోడి_అమ్మ (కోవూరు) – జూన్ 16, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా బాబుకి ఎనిమిదేళ్ళు నిండి రెండు నెలలైంది. పై ముందు పళ్ళు రెండూ నిరుడు వేసవిలో వారం తేడాతో ఊడాయి. ఎడమది దసరాకల్లా వచ్చేసింది. కుడిది ఇంతవరకూ రాలేదు. అక్కడ చిగురు వేలు పెట్టి చూస్తే గట్టిగా, నున్నగా ఉంది. దాని పక్కన రావాల్సిన రెండో పన్ను మాత్రం వచ్చేసి, ఆ ఖాళీలోకి ఒరుగుతోంది.

మా అత్తయ్య "మగపిల్లలకి ఆలస్యమే, వాళ్ళ నాన్నకీ అంతే" అంటుంటే నేనూ ఊరుకున్నా. మొన్న స్కూల్లో తీసిన గ్రూప్ ఫొటోలో వాడు నోరు మూసుకుని నవ్వడం చూశాక మనసొప్పలేదు. నెల్లూరులో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే చిన్న ఎక్స్‌రే తీశారు. రాని పన్ను పైన చిగురు లోపల ఉంది. దాని కిందే మొక్కజొన్న గింజలా ఇంకో బుల్లి పన్ను. అది అదనపు పన్నట, చిన్న ఆపరేషన్ చేసి తీయాలన్నారు.

ఇంకో చోట చూపిస్తే ఆయన "పదేళ్ళు రానివ్వండి, ఇప్పుడే కెలకొద్దు" అన్నారు. మూడో చోట మేడమ్ ముందు త్రీడీ స్కాన్ తీయించుకు రమ్మన్నారు. ముగ్గురూ మంచిగానే మాట్లాడారు, ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. రిపోర్టులో "11 రాలేదు" అని రాసి ఉంటే, పెద్ద పాప చదివి వినిపించింది. పదకొండు పళ్ళు రాలేదేమోనని మా అత్తయ్య ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

పైగా కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు నేను బయటికి వెళ్ళానట, అందుకేనట. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?


పెన్నాగట్టు (నెల్లూరు) – జూన్ 16, రాత్రి 10.05

అమ్మా, పదకొండు పళ్ళ సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఆ అంకెలకి వేరే లెక్క ఉంటుంది. ఇక్కడ డెంటల్ చదివే పిల్లాడు ఒకడున్నాడు, పొద్దున్నే వచ్చి చెప్తాడు చూడు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. ముందు పన్ను లేక నోరు మూసుకుని నవ్వే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉండేవాళ్ళు. అప్పట్లో మాకు తట్టలేదు, వస్తాయిలే అనుకునేవాళ్ళం.


పొదిలి_బాబాయ్ (పొదిలి) – జూన్ 16, రాత్రి 10.31

తల్లీ, తొందరపడి పీకించొద్దు. పై పళ్ళ నరాలు కళ్ళకి పోతాయి. మా ఊళ్ళో ఒకాయన పై దవడ పన్ను పీకించుకున్నాక చూపు మందగించింది. నా కళ్ళతో చూశాను.


మోడరేటర్ – జూన్ 17, ఉదయం 7.15

బుడ్డోడి_అమ్మ గారూ, మీరు పెట్టిన ఎక్స్‌రే ఫొటో మూలన బాబు పేరు, పుట్టిన తేదీ, క్లినిక్ పేరు కనపడుతున్నాయి. తీసేశాను. ఆ అంచు కత్తిరించి మళ్ళీ పెట్టండి. మిగతావాళ్ళకి కూడా, ఏ క్లినిక్ మంచిది, ఏది చెడ్డది అన్న గొడవ ఈ చర్చలో వద్దు.


పంటిపీజీ (నెల్లూరు) – జూన్ 17, ఉదయం 8.20

అక్కా, ముందు మీ అత్తయ్యగారికి అన్నం పెట్టండి. అది పదకొండు కాదు, "ఒకటి, ఒకటి". నోటిని నాలుగు భాగాలు చేస్తాం. కుడి పైది 1, ఎడమ పైది 2, ఎడమ కిందది 3, కుడి కిందది 4. రెండో అంకె మధ్య నుంచి ఎన్నో పన్నో చెప్తుంది. 11 అంటే కుడి వైపు పైన మొదటి పన్ను. రానిది ఆ ఒక్కటే.

గ్రహణం మాట కూడా పక్కన పెట్టేయండి. దవడలో పళ్ళ మొగ్గలు పుట్టే పొర ఒకటి ఉంటుంది, డెంటల్ లామినా అంటాం. అది తన పని అయిపోయాక ఆగకుండా ఇంకో మొగ్గ తొడిగితే అదనపు పన్ను అవుతుంది. ఎక్కువమంది ఒప్పుకునే కారణం ఇదే. కొన్ని ఇళ్ళలో తాతకీ మనవడికీ, అన్నకీ తమ్ముడికీ కూడా కనపడుతుంది కాబట్టి వంశం పాత్ర ఉంది. మీరు తిన్నదానికీ తిరిగినదానికీ సంబంధం లేదు. గ్రహణం మొర్రి అని మనవాళ్ళు పిలిచే చీలిన పెదవి, అంగిలి ఉన్న పిల్లల్లో ఆ చీలిక పక్కన అదనపు పళ్ళు ఎక్కువగా వస్తాయన్నది మాత్రం నిజం. దానికి కూడా గ్రహణం కారణం కాదు.

పాల పళ్ళు 20, పెద్ద పళ్ళు జ్ఞానదంతాలతో కలిపి 32. ఆ లెక్క దాటినదల్లా అదనపు పన్నే. పెద్ద పళ్ళలో ఇది 0.1 నుంచి 3.8 శాతం మందిలో కనిపించిందని వేర్వేరు సర్వేలు. పాల పళ్ళలో ఇంకా తక్కువ. మగపిల్లల్లో ఆడపిల్లలకంటే దాదాపు రెట్టింపు. నూటికి తొంభై పైగా పై దవడలోనే వస్తాయి, అందులోనూ ముందు రెండు పళ్ళ మధ్య చోటే వీటికి ఇష్టం. అక్కడ వచ్చేదానికి మీజియోడెన్స్ అని 1917లో బోల్క్ అనే డచ్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు.

రూపాలు కూడా ముఖ్యం. మొనదేలి మొక్కజొన్న గింజలా ఉండేది ఒక రకం. అది కొన్నిసార్లు తనే బయటికి వస్తుంది, లేదా పక్క పళ్ళని తిప్పేస్తుంది, మధ్యలో సందు తెస్తుంది. పీపాలా లావుగా, మీద బుడిపెలతో ఉండేది ఇంకో రకం. అది అంగిలి వైపు కూర్చుని బయటికి రాదు, ముందు పన్నునీ రానివ్వదు. మూడోది అచ్చం పక్క పన్నులాగే ఉంటుంది, ఏది అసలుదో ఏది కొసరుదో మేమూ ఒక నిమిషం ఆగి చూడాల్సిందే.

మీరు చెప్పినవాటిలో నన్ను ఆపిన మాటలు రెండు. జతలో ఒకటి వచ్చి ఆరు నెలలు దాటినా రెండోది రాకపోవడం, వరసలో వెనక రావాల్సినది ముందే రావడం. ఈ రెండిటిలో ఏది కనపడినా ఎక్స్‌రే తీయాల్సిందే. మీరు తీయించారు, మంచి పని చేశారు.

పొదిలి_బాబాయ్ గారూ, పై పళ్ళకి వచ్చే నరం వేరు, చూపు నరం వేరు. పై పన్ను తీస్తే చూపు పోదు. ఆ వయసులో పళ్ళూ ఊడతాయి, శుక్లాలూ వస్తాయి. రెండూ ఒకే ఏడాది వస్తే పంటి డాక్టరు మీదకి పోతుంది.


పొదిలి_బాబాయ్ (పొదిలి) – జూన్ 17, ఉదయం 9.02

ఏమో నాయనా, నువ్వు చదువుకున్నవాడివి. ఆయనకి మాత్రం చూపు తగ్గింది.


ఒంగోలు_దంతవైద్యుడు (ఒంగోలు) – జూన్ 17, మధ్యాహ్నం 2.45

పీజీ బాబు బాగా చెప్పాడు. కాకపోతే ఆగమన్న డాక్టరుగారిని కూడా తప్పు పట్టలేం. నేను ఇరవై ఏళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నాను, ఈ విషయంలో రెండు పక్షాలూ ఉన్నాయి.

ముందు పన్ను వేరు పదేళ్ళకి గానీ పూర్తవదు. వేరు పెరుగుతున్న పన్ను పక్కన ఎముక తొలిచి పని చేస్తే దానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. పైగా ఆరేడేళ్ళ పిల్లాణ్ణి కుర్చీలో అరగంట కదలకుండా కూర్చోబెట్టడం మీరనుకున్నంత తేలిక కాదు. అందుకని ఎనిమిది, పదేళ్ళ మధ్య చేద్దామంటారు కొందరు. ఇంకొందరేమో, పన్ను తనంతట తాను కిందికి దిగే సత్తువ వేరు పెరుగుతున్నప్పుడే ఎక్కువ కాబట్టి ఆరేడేళ్ళకే తీసేస్తే తర్వాత క్లిప్పుల అవసరం తగ్గుతుందంటారు.

నేను చూసేది ఒకటే, ఆ పన్ను అడ్డం పడుతోందా లేదా. ముక్కు వైపు తల పెట్టి తలకిందులుగా, ఎవరి జోలికీ పోకుండా పైన పడుకున్న అదనపు పళ్ళని ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలతో చూస్తూ వదిలేసిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి. ఈ బాబు విషయం అలా కాదు. పన్ను ఆగిపోయింది, పక్కది ఖాళీలోకి వాలుతోంది. చోటు మూసుకుపోతే, రేపు అడ్డు తీసినా దిగడానికి దారి ఉండదు. కాబట్టి ఇక్కడ నా ఓటు తీయడానికే.

తీసే ముందు అది ముందు పక్క ఉందా, అంగిలి పక్క ఉందా తేల్చుకోవాలి. మొత్తం దవడ ఎక్స్‌రే, ఓపీజీ అంటారే, దానిలో సరిగ్గా ముందు భాగమే మసకగా వస్తుంది. అది చూసి అదనపు పన్ను లేదని తేల్చేస్తే పొరపాటు.


పెన్నాగట్టు (నెల్లూరు) – జూన్ 17, సాయంత్రం 6.10

డాక్టరుగారూ, ముందు పక్కో వెనక పక్కో చిన్న ఎక్స్‌రేలో తెలీదా? ఫొటోలో ముందూ వెనకా ఉండవు కదా, మరి ఎట్టా చెప్తారు?


పంటిపీజీ (నెల్లూరు) – జూన్ 17, రాత్రి 9.15

మాస్టారూ, మీరు ఆత్మకూరు నుంచి ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. రోడ్డు పక్క తుమ్మ చెట్లు వెనక్కి పోతుంటాయి, దూరాన కొండలు మాత్రం మీతో పాటు వస్తున్నట్టు ఉంటాయి. ఎక్స్‌రేలోనూ అంతే. ఒక ఫొటో తీసి, గొట్టాన్ని కొంచెం పక్కకి జరిపి ఇంకోటి తీస్తారు. రెండోదానిలో అదనపు పన్ను గొట్టం జరిగిన వైపే జరిగితే అది కొండ, అంటే దూరంగా అంగిలి వైపు ఉంది. ఎదురు వైపు జరిగితే అది తుమ్మ చెట్టు, పెదవి వైపు ఉంది.

చాలా కేసుల్లో ఈ రెండు చిన్న ఫొటోలతోనే పని అయిపోతుంది. పన్ను లోతుగా ఉన్నా, వేరుకి ఆనుకున్నట్టు అనుమానం ఉన్నా త్రీడీ స్కాన్, సీబీసీటీ, అడుగుతారు. పిల్లలకి రేడియేషన్ లెక్క చూసుకోవాలి కాబట్టి అవసరమైతేనే, అదీ ఆ చిన్న భాగానికే తీయమని చెప్పాలి.


కందుకూరు_కుర్రోడు (కందుకూరు) – జూన్ 18, ఉదయం 10.20

నా గోడు కూడా వినండి. నాకు చిన్నప్పటి నుంచీ పై ముందు పళ్ళ మధ్య సందు. మా నాయనమ్మ "పళ్ళ సందు అదృష్టం రా" అనేది. డిగ్రీలో ఉండగా ఒక చోట క్లిప్పులు వేయించుకున్నాను, పేరు చెప్పను. ఏడాదిన్నర తిప్పారు, సందు మూసుకుంది. క్లిప్పులు తీసిన నాలుగు నెలలకి మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ వేశారు. మళ్ళీ తెరుచుకుంది. రాత్రి పెట్టుకోమని ఇచ్చిన ప్లేటు నేను సరిగ్గా పెట్టుకోలేదని నన్నే తిట్టారు.

చివరికి హైదరాబాదులో ఉద్యోగానికి పోయాక అక్కడ ఎక్స్‌రే తీస్తే, సందు పైన ఎముకలో చిన్న మొన పన్ను తలకిందులుగా కూర్చుని ఉంది! మొదట్లోనే ఒక్క చిన్న ఎక్స్‌రే తీసుంటే మా నాన్నకి అంత డబ్బు ఖర్చు అయ్యేది కాదు. అదృష్టం నాకు కాదు, క్లిప్పులు వేసినాయనకి.


ఒంగోలు_దంతవైద్యుడు (ఒంగోలు) – జూన్ 18, మధ్యాహ్నం 3.05

బాబూ, నీ కోపం న్యాయమే. సందు ఎందుకుందో తెలియకుండా మూయకూడదు. ఒక్కోసారి పై పెదవిని చిగురుకి కలిపే నరంలాంటి తీగ లావుగా ఉన్నా సందు వస్తుంది.

తల్లులు మాత్రం ఇది చదివి హడావుడి పడొద్దు. ఏడు నుంచి పదకొండేళ్ళ మధ్య చాలామంది పిల్లలకి ముందు పళ్ళ మధ్య సందు మామూలే. కోరపళ్ళు దిగుతూ పక్క పళ్ళ వేళ్ళని నెడుతుంటాయి, అందుకని అవి విసనకర్రలా విచ్చుకుంటాయి. కోరపళ్ళు వచ్చాక చాలావరకు అదే సర్దుకుంటుంది.


ఉలవపాడు_మామిడి (ఉలవపాడు) – జూన్ 18, రాత్రి 8.50

అన్నా, మా పాపకి ఆరున్నర. కింది ముందు పళ్ళ వెనక ఇంకో వరస వస్తోంది. రెండు వరసలు! అద్దంలో చూసుకుని "అమ్మా, నాకు సొరచేప పళ్ళు" అంటోంది. ఇవి కూడా అదనపు పళ్ళేనా? ఆపరేషనా?


పంటిపీజీ (నెల్లూరు) – జూన్ 18, రాత్రి 9.30

కాదక్కా. లెక్కపెట్టండి. ముందు వరసలోవి పాల పళ్ళు, ఇంకా ఊడలేదు. వెనక వస్తున్నవి వాటి స్థానంలో రావాల్సిన పెద్ద పళ్ళు, దారి తప్పి నాలుక వైపు లేచాయి. ఆ వయసులో ఇది మామూలే. పాల పన్ను కదులుతుంటే రోజూ వేలితో కదిపించండి, జామకాయో చెరకు ముక్కో కొరకమనండి. పాలది ఊడితే నాలుక నెట్టి నెట్టి వెనకదాన్ని ముందుకు తెస్తుంది. పాల పన్ను అసలు కదలకుండా రాయిలా ఉంటే అప్పుడు ఒకసారి చూపించండి, ఆ పాల పన్ను తీస్తే చాలు.


కనిగిరి_అక్క (కనిగిరి) – జూన్ 19, ఉదయం 11.40

మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. మా పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు. దీనివల్ల కూడా పళ్ళు ఎక్కువ వస్తాయా? ఇంకో మాట. మా చెల్లెలి కూతురికి పుట్టుకతోనే కింద ఒక పన్ను ఉంది. పుట్టిన పన్ను మేనమామకి గండం అని పెద్దవాళ్ళు గొడవ చేసి మూడో రోజే పీకించేయమన్నారు. మా అన్నయ్య (అంటే ఆ మేనమామ) మాత్రం "నాకేం కాదులే, పసిదాన్ని ఏడిపించొద్దు" అన్నాడు.


పంటిపీజీ (నెల్లూరు) – జూన్ 19, మధ్యాహ్నం 1.10

మీ అన్నయ్యగారికి దండం పెట్టాలి.

ఫ్లోరైడ్ పంటి మీద పొరని పాడుచేస్తుంది, మచ్చలూ గుంటలూ తెస్తుంది. పళ్ళ సంఖ్యని పెంచదు, తగ్గించదు.

పుట్టుకతో పన్ను రెండు మూడు వేల మంది శిశువుల్లో ఒకరికి ఉంటుంది. అందులో నూటికి తొంభై పైగా అసలు పాల పళ్ళే, కాస్త తొందరపడి వచ్చాయంతే. అదనపు పన్ను అయ్యేది చాలా తక్కువ. పీకేస్తే ఆ చోట ఆరేడేళ్ళ దాకా పన్ను ఉండదు. బాగా కదులుతూ ఊడి శ్వాసనాళంలోకి పోయే భయం ఉంటేనే తీస్తారు. నాలుక కింద రాసుకుని పుండు పడితే ముందు పంటి అంచు నున్నగా చేసి చూస్తారు. మూడో రోజే పీకడం ఇంకా ప్రమాదం. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కే కావాలి, అది పసిబిడ్డ ఒంట్లో సరిపడా తయారవడానికి పది రోజులు పడుతుంది. అందుకే తప్పనిసరైతే, విటమిన్ కే ఇంజెక్షన్ ఇచ్చారా అని పిల్లల డాక్టరుని అడిగాకే ముట్టుకుంటారు.


చీమకుర్తి_రాయి (చీమకుర్తి) – జూన్ 19, రాత్రి 10.15

నాది గ్రానైట్ క్వారీలో పని. ఇరవై ఏడేళ్ళప్పుడు పై పెదవి లోపల, ముక్కు కింద చిన్న ఉబ్బు వచ్చింది. నొప్పి లేదు. దుమ్ముకి వచ్చిన గడ్డ అనుకుని ఏడాది వదిలేశాను. వేలితో నొక్కితే ఎండిన గుడ్డు పెంకులా లోపలికి పోయేది, చిన్నగా చప్పుడయ్యేది. అప్పుడు భయమేసి పోయాను. లోపల అదనపు పన్ను, దాని చుట్టూ నీటి సంచి. పక్క రెండు పళ్ళ వేళ్ళ మొనలు కరిగిపోయాయి. సంచీ, పన్నూ తీశారు, రెండు పళ్ళకి రూట్ కెనాల్ చేశారు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే నేను చేసిన తప్పు. తీసిన ముక్కని పరీక్షకి పంపి మామూలు సిస్టే అని రిపోర్టు వచ్చేదాకా నిద్ర లేదు.


కందుకూరు_కుర్రోడు (కందుకూరు) – జూన్ 19, రాత్రి 10.40

అన్నా, చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది.


సింగరాయకొండ_ట్రైన్ (సింగరాయకొండ) – జూన్ 20, ఉదయం 6.55

పేపర్లో ఒకప్పుడు చదివాను, చెన్నైలో ఎవరో పిల్లాడికి వందల పళ్ళు తీశారని. అది నిజమా, పుకారా?


ఒంగోలు_దంతవైద్యుడు (ఒంగోలు) – జూన్ 20, మధ్యాహ్నం 2.20

నిజమే. 2019లో చెన్నై సవిత డెంటల్ కాలేజీలో ఏడేళ్ళ బాబు కింది దవడలోని ఒక సంచిలాంటి గడ్డలోంచి 526 బుల్లి పళ్ళు తీశారు. దాన్ని ఒడొంటోమా అంటారు. మనం మాట్లాడుకుంటున్నదానికి దూరపు చుట్టం.

ఒకే మనిషికి ఒకటి కాదు, అయిదారు అదనపు పళ్ళు ఎముకలో కనపడితే మాత్రం నోటి దగ్గరే ఆగకూడదు. ఒకసారి పదమూడేళ్ళ అబ్బాయి వచ్చాడు, పాల పళ్ళు సగం ఊడనే లేదు. ఎక్స్‌రేలో లోపల పళ్ళు కుప్పగా. రెండు భుజాలూ ముందుకు తెమ్మన్నాను. దాదాపు గడ్డం కింద కలిపేశాడు! వాళ్ళమ్మ "వాడు స్కూల్లో ఇట్లా చేసి అందర్నీ నవ్విస్తాడండీ" అంది. కాలరెముకలు సరిగ్గా ఏర్పడని జన్యు లోపం అది, క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేజియా. ఇంకో అరుదైన జబ్బు ఉంది, గార్డ్‌నర్ సిండ్రోమ్. దానిలో అదనపు పళ్ళతో పాటు పెద్దపేగులో కండ బుడిపెలు పెరిగి తర్వాత క్యాన్సర్‌గా మారతాయి. కోవూరు అమ్మగారూ, మీ వాడికి ఒక్కటే పన్ను. ఇవేవీ మీవి కావు, భయపడకండి.


బుడ్డోడి_అమ్మ (కోవూరు) – జూన్ 27, రాత్రి 9.00

అందరికీ చాలా థ్యాంక్స్. స్కాన్ తీయించాం. చిన్న ఎక్స్‌రేలో గింజలా కనపడ్డది, కంప్యూటర్లో తిప్పి చూపిస్తే పీపాలా ఉంది, మీద మూడు బుడిపెలు. అంగిలి పక్కన. అంటే కొండ! మేమే ముందు "కొండేనా మేడమ్" అని అడిగితే ఆవిడకి అర్థం కాలేదు, బస్సు కథ మొత్తం చెప్పాం.

అసలు పన్ను వేరు సగం పైన వచ్చిందట, వంకర లేదట. వచ్చే వారం తీస్తామన్నారు. మత్తు ఇచ్చి పడుకోబెట్టాలా, తిమ్మిరి ఇంజెక్షన్‌తో చేయాలా అన్నది వాడు ఎంత సహకరిస్తాడో చూసి చెప్తామన్నారు. మీరేమంటారు?


పంటిపీజీ (నెల్లూరు) – జూన్ 27, రాత్రి 9.50

కొండ, చెట్టు మా ప్రొఫెసర్‌కి చెప్తాను అక్కా.

ఎనిమిదేళ్ళవాడు, మాట వినేవాడైతే తిమ్మిరి ఇంజెక్షన్‌తో చాలామందికి అయిపోతుంది. ముందు రోజు తీసుకెళ్ళి కుర్చీ, లైటు, గాలి కొట్టే గొట్టం అన్నీ చూపించమనండి. "అస్సలు నొప్పి ఉండదు" అని మాత్రం చెప్పకండి. అంగిలిలో సూది కాస్త గట్టిగానే గుచ్చుతుంది, అబద్ధం అని తెలిస్తే ఇక నోరు తెరవడు. బాగా లోతుగా ఉన్నా, వాడు వణికిపోతున్నా పూర్తి మత్తే మంచిది.

ఒకటి ముందే అడిగి పెట్టుకోండి. పక్క పన్ను వాలకుండా చోటు కాపాడటానికి ఏం పెడతారు? తీయడం ఒక రోజు పని, చోటు నిలబెట్టడం నెలల పని.


బుడ్డోడి_అమ్మ (కోవూరు) – జూలై 9, సాయంత్రం 5.30

అయిపోయింది! తిమ్మిరి ఇంజెక్షన్‌తోనే. నలభై నిమిషాలు పట్టింది. వాడు నా చెయ్యి పట్టుకుని, వేళ్ళతో ఎన్ని లెక్కపెట్టాడో. ఇంజెక్షన్ అప్పుడు ఒక్కసారి "మా" అన్నాడు, అంతే. పళ్ళ వెనక అంగిలి చిగురు విప్పి, కొంచెం ఎముక తీసి, దాన్ని రెండు ముక్కలు చేసి తీశారు. వెనక నాలుగు కుట్లు. పెరుగన్నం, చల్లటి రాగి జావ, ఐస్‌క్రీమ్. మూడో రోజు ఇంట్లో చేపల పులుసు వాసనకి ఏడ్చాడు. పుల్లదీ కారందీ వద్దన్నారని మేమందరం కూడా ఆ పూట పెరుగన్నమే తిన్నాం, పులుసు పక్కింటికి పోయింది.

ముందు పళ్ళ వెనక అంగిలి ఇంకా మొద్దుగా ఉందంటున్నాడు. అక్కడి చిన్న నరం కదిలిందట, వారాల్లో తగ్గుతుందన్నారు. చోటు పోకుండా ఒక ప్లేటు ఇచ్చారు.

ఆ రెండు ముక్కలూ గాజు సీసాలో పెట్టిచ్చారు. పాల పన్ను ఊడినప్పుడల్లా పేడలో పెట్టి ఇంటి మీదకి విసిరి, మంచి పన్ను ఇవ్వమని అడగడం మా అత్తయ్య అలవాటు. దీన్నీ విసురుదాం నాయనమ్మా అన్నాడు మావాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "వద్దులేరా, దీన్ని విసిరితే మళ్ళీ ఇట్టాంటిదే ఇస్తుందేమో" అంది. సీసా టీవీ పక్కన ఉంది. రొట్టెల పండగ వస్తోంది కదా, ఆరోగ్య రొట్టె తెస్తానని ఆవిడ ఇప్పటినుంచే ప్రోగ్రాం వేసుకుంటోంది.


ఒంగోలు_దంతవైద్యుడు (ఒంగోలు) – జూలై 9, రాత్రి 8.15

శుభం. ఇక పన్ను రేపే రావాలని చూడకండి. చోటు ఉంటే చాలామందిలో తనే దిగుతుంది, కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాదిన్నర. ఎంతకీ కదలకపోతే చిగురు తెరిచి, పన్నుకి చిన్న గుండీ అతికించి, సన్నని గొలుసుతో మెల్లగా కిందికి లాగుతారు. బాబుకి తమ్ముడో చెల్లో ఉంటే, వాళ్ళకి ఆరేడేళ్ళు వచ్చినప్పుడు ఒక కన్నేసి ఉంచండి.


ఉలవపాడు_మామిడి (ఉలవపాడు) – ఆగస్టు 3, ఉదయం 9.20

పంటిపీజీ తమ్ముడూ, మా పాప పాల పళ్ళు రెండూ ఊడాయి. ఒకటి జామకాయలో ఉండిపోయింది. వెనకవి ముందుకి వస్తున్నాయి. సొరచేప పోయిందని కొంచెం దిగులుగా ఉంది తను.


బుడ్డోడి_అమ్మ (కోవూరు) – ఫిబ్రవరి 11, రాత్రి 9.25

పాత చర్చని పైకి తెస్తున్నా, ఏమనుకోకండి. ఇవాళ పొద్దున పళ్ళు తోముతూ వాడు అరిస్తే ఏమైందోనని పరిగెత్తా. చిగురు మధ్యలో తెల్లగా, బియ్యపు నూకంత. అంచు రంపంలా గరుగ్గా ఉంది, కొత్త పన్ను అలాగే ఉంటుందట. ఏడు నెలలు పట్టింది. కాస్త పక్కకి తిరిగి వస్తోంది, తర్వాత క్లిప్పులు అవసరం పడొచ్చన్నారు. పడితే పడనీ.


పొదిలి_బాబాయ్ (పొదిలి) – ఫిబ్రవరి 11, రాత్రి 9.50

సంతోషం తల్లీ. చూపు ఎట్టా ఉంది వాడికి?


బుడ్డోడి_అమ్మ (కోవూరు) – ఫిబ్రవరి 11, రాత్రి 9.58

బాబాయ్, ఫ్రిజ్ వెనక దాచిన మలై కాజా డబ్బా హాల్లోంచే కనపడింది వాడికి.